ట్రాక్టరుకు రెండో బ్యాటరీ: పెడితే పద్ధతిగా పెట్టాలి, లేకుంటే మానుకోవాలి

తొలకరి వాన పడిన మర్నాడు పొద్దున ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోకపోతే నష్టం ఎవరికి? బండి యజమానికి అనుకుంటాం. నిజానికి ఎక్కువ నష్టం ఆ బండి కోసం వంతు కాచుకుని కూర్చున్న చిన్న రైతుకే. ఎకరం, రెండెకరాలున్న రైతుకు సొంత ట్రాక్టరు ఉండదు. గంటకింత అని కిరాయికి మాట్లాడుకుంటాడు. పెద్ద కమతాలు అయిపోయాక చివర్లో అతని వంతు వస్తుంది. సరిగ్గా ఆ పొద్దున బ్యాటరీ దిగిపోతే, మెకానిక్ వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. నల్లరేగడిలో పదును మన కోసం ఆగదు. పత్తి గింజ పెట్టే అదును ఒకసారి పోతే మళ్లీ వానకు మొగులు చూడాల్సిందే.

బ్యాటరీ ఎందుకు దిగుతోందని అడిగితే చాలామంది కంపెనీని తిడతారు. కానీ ఇప్పుడు ట్రాక్టరు దున్నడానికే పరిమితం కాలేదు. రాత్రిపూట కరిగెట దున్నడానికి అదనపు లైట్లు, డ్రైవరు ముచ్చటకు టేప్ డెక్, సౌండ్ బాక్సులు, మక్క చేలో అడవి పందులను బెదిరించడానికి మైకు, కల్లం దగ్గర కాపలాకు లైటు, మందు కొట్టే 12 వోల్టుల మోటారు, ఇవన్నీ ఆ ఒక్క బ్యాటరీ మీదే బతుకుతున్నాయి. దీనికి విరుగుడుగా కొందరు రెండో బ్యాటరీ బిగించుకుంటున్నారు. ఆలోచన మంచిదే. అడవి దారుల్లో తిరిగే జీపులకు, అంబులెన్సులకు ప్రపంచమంతా ఈ పద్ధతి ఉన్నదే. అయితే మన దగ్గర బిగించే తీరులోనే తేడా వస్తోంది. రెండు బ్యాటరీలను వైరుతో కలిపేసి ఊరుకుంటే రెండూ కలిసి చస్తాయి. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్టు రైతుకు రెండింతల ఖర్చు మిగులుతుంది.

లెక్క చూసుకుంటే తెలుస్తుంది

బ్యాటరీ అంటే నీళ్ల ట్యాంకు లాంటిది. సాధారణంగా మన ట్రాక్టర్లకు 75 నుంచి 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. 88 అనుకుందాం. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని సగానికి మించి వాడొద్దు. అంటే మనకు పనికొచ్చేది 44. ఇప్పుడు వాడకం చూద్దాం. లైటు ఎన్ని వాట్లో చూసి 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో వస్తుంది. 55 వాట్ల బల్బులు రెండు పెడితే 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లకు పైనే. డెక్, సౌండ్ బాక్సులు కలిపి 60 వాట్లయితే మరో 5. మొత్తం 14 ఆంపియర్లు. ఇంజను బంద్ చేసి ఇవన్నీ నడిపితే మూడు గంటలకే ఆ 44 అయిపోతుంది. తెల్లవారి సెల్ఫ్ కొడితే 'టక్ టక్' అని చప్పుడు తప్ప ఇంకేం రాదు. స్టార్టయ్యేటప్పుడు సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా 200, 300 ఆంపియర్లు లాగుతుంది మరి. సగం ఖాళీ అయిన బ్యాటరీ అంత ఇవ్వలేదు.

కాబట్టి రెండో బ్యాటరీ కొనే ముందు చేయాల్సింది వాడకం తగ్గించడం. ఆ పాత బల్బుల స్థానంలో 18 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు పెడితే 36 వాట్లు, అంటే 3 ఆంపియర్లే. అదే 44లో పద్నాలుగు గంటలు వెలుగుతాయి. రాత్రంతా కల్లం కాపలా కాసినా పొద్దున బండి స్టార్టవుతుంది. రెండో బ్యాటరీకి వేలు పోయాలి, లైట్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. ఈ ఒక్క మార్పుతో చాలామంది రైతులకు రెండో బ్యాటరీ అవసరమే ఉండదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒక్క జాగ్రత్త. పొలంలో వాడే ఎల్‌ఈడీ లైట్లను రోడ్డెక్కగానే బంద్ చేయాలి. ఎదురొచ్చే వాడి కళ్లు చెదిరితే ఆ ముప్పు ఇద్దరికీ.

ఎవరికి కావాలి, ఎవరికి వద్దు

ఇంజను బంద్‌లో ఉండగా మోటారు స్ప్రేయరు నడిపేవారికి, మంథని వైపు అడవి అంచు చేలల్లో రాత్రుళ్లు లైటు, మైకు రెండూ పెట్టి పందుల కాపలా కాసేవారికి, కిరాయికి ఊళ్లు తిరుగుతూ బండి దగ్గరే పండుకునే హార్వెస్టరు వాళ్లకు, కచ్చా దారుల్లో పాలు, కూరగాయలు మోసే జీపు యజమానులకు రెండో బ్యాటరీ పనికొస్తుంది.

రోజుకు పావుగంట, అరగంట మాత్రమే బండి నడిపేవారికి వద్దు. ఎందుకంటే రెండో బ్యాటరీ నింపాల్సింది కూడా ఆ ఒక్క ఆల్టర్నేటరే. మన ట్రాక్టర్లలో చాలావాటికి అది 35 నుంచి 45 ఆంపియర్ల మధ్య ఉంటుంది. లైట్లు వేసుకుని నడిపితే అందులో పది పోతుంది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఆ మిగిలింది కూడా పూర్తిగా రాదు. సగం ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండాలంటే రెండు, మూడు గంటల పని అయినా పడాలి. చివరి భాగం ఇంకా నిదానంగా నిండుతుంది. నిండకుండా అలాగే వదిలేస్తే లోపలి సీసం ప్లేట్ల మీద తెల్లటి పొర గట్టిపడుతుంది. దాన్నే సల్ఫేషన్ అంటారు. ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పట్టదు. ఇక పాత డైనమో ఉన్న బండ్లకైతే రెండో బ్యాటరీ మాటే తలపెట్టొద్దు. వాటి శక్తి ఒక్కదానికే చాలీచాలనట్టు ఉంటుంది.

"ఒకటి పోతే ఇంకోటి ఉంటది కదా సారూ, అందుకే పెట్టిన" అని కొందరు రైతులు అంటారు. ఆ భరోసా నిజం కావాలంటే రెండూ వేరువేరుగా ఉండాలి. కలిసి ఉన్న బ్యాటరీలు కలిసే దిగుతాయి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ఊరికే కలిపితే ఏమవుతుంది

ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే వోల్టులు 12 గానే ఉంటాయి, ఆంపియర్ అవర్లు కలుస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పాత బ్యాటరీ పక్కన కొత్తది పెట్టి ఇలా కలిపితే, పాతదానిలో బలహీనమైన సెల్లు కొత్తదాని శక్తిని రాత్రింబవళ్లు లాగేస్తుంది. కొత్తది కూడా ఏడాది తిరగకుండానే మూలకు చేరవచ్చు. డెక్ రాత్రంతా మోగితే రెండూ ఖాళీ అవుతాయి. పొద్దున సెల్ఫ్‌కు ఏదీ మిగలదు. అప్పుడు రెండో బ్యాటరీ ఉండీ లేనట్టే.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. మనది బొగ్గు గనుల ప్రాంతం. ఓపెన్‌కాస్టులో తిరిగే పెద్ద డంపర్లకు, రోడ్డు మీది పెద్ద టిప్పర్లలో చాలావాటికి కరెంటు 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిపి 24 చేస్తారు. ఆ బండ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్ అలవాటు కొద్దీ ట్రాక్టరుకూ అలాగే కలిపితే ఏమవుతుంది? మన ట్రాక్టరు 12 వోల్టులది. బల్బులు, డెక్, మీటరు, ఆల్టర్నేటరులోని రెగ్యులేటరు కాలిపోతాయి. గోదావరిఖనిలో మంచి ఆటో ఎలక్ట్రీషియన్లకు కొదవ లేదు. వారి నేర్పును తప్పు పట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. "నాది పన్నెండు వోల్టుల బండి" అని రైతు ముందే చెప్పుకోవడం రైతుకే మంచిది.

ఇంట్లోని ఇన్వర్టరు బ్యాటరీ తెచ్చి పెట్టేవారూ ఉన్నారు. దాని ప్లేట్లు మందంగా ఉంటాయి. నిదానంగా ఎక్కువసేపు ఇవ్వడానికే అది పుట్టింది. ఒక మూల కదలకుండా ఉండాల్సిన ఆ ఎత్తైన బరువును గెట్ల మీద ఎగిరెగిరి పడే ట్రాక్టరుకు కట్టడం మంచిది కాదు. ఈ మధ్య వస్తున్న లిథియం బ్యాటరీనైతే ఆల్టర్నేటరుకు నేరుగా తగిలించొద్దు. దానికి తగిన ఛార్జరు మధ్యలో ఉండాలి. చిన్న రైతుకు మామూలు సీసం బ్యాటరీయే మేలు.

పద్ధతిగా పెట్టడం ఇలా

పద్ధతి ఒక్క మాటలో చెప్పాలంటే ఇంజను నడిచినప్పుడు రెండూ కలవాలి, ఇంజను ఆగితే రెండూ విడిపోవాలి. పెద్ద బ్యాటరీ సెల్ఫ్‌కే. రెండోది లైట్లకు, డెక్‌కు, మోటారుకు. ఈ కలపడం, విడదీయడం చేసేదే రిలే.

చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్ అన్నిటికన్నా చవక. కానీ డ్రైవరు మరిచిపోతే అంతే సంగతులు. డయోడు పెట్టే పద్ధతి ఉంది. అందులో 0.7 వోల్టు దాకా దారిలోనే పోతుంది కనుక రెండో బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు. వోల్టేజీ చూసి పనిచేసే రిలే అన్నిటికన్నా నయం. పెద్ద బ్యాటరీ సుమారు 13.3 వోల్టులకు రాగానే, అంటే ఆల్టర్నేటరు ఛార్జింగ్ మొదలుపెట్టగానే రెండింటినీ కలుపుతుంది. సుమారు 12.8కి దిగగానే విడదీస్తుంది. డ్రైవరు గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. దీని ఖర్చు బ్యాటరీ ఖర్చులో కొద్ది భాగమే. అక్కడ మిగుల్చుకుందామని చూస్తే బ్యాటరీయే పోతుంది.

మామూలు రిలే వాడితే దాన్ని తాళంచెవి వైరుకు కలపొద్దు. తాళం తిప్పగానే రిలే కలుస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు రెండో బ్యాటరీ నుంచి కూడా కరెంటు సన్న వైరులోంచి దూకుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా వైరు కాలుతుంది. ఛార్జింగ్ లైటు ఆరిన తర్వాతే కలిసేలా ఆల్టర్నేటరు నుంచి సంకేతం తీసుకోవాలి. పాత సెల్ఫ్ సోలనాయిడ్‌ను తెచ్చి రిలేగా వాడటం కూడా తప్పే. అది నాలుగైదు సెకన్లు పనిచేయడానికి చేసింది, గంటల తరబడి పెడితే వేడెక్కి మాడిపోతుంది. ఎప్పుడూ నడిచే రకం, 70 ఆంపియర్లు లేదా అంతకు మించింది అడిగి తీసుకోవాలి.

బిగించేటప్పుడు చూడాల్సినవి ఇవి:

రెండు బ్యాటరీల నడుమ వైరు 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇంటి వైరింగ్ ముక్కలు పనికిరావు.

ఆ వైరుకు రెండు చివరలా, బ్యాటరీ ప్లస్ పక్కనే, 60 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. రెండు చివరలా ఎందుకంటే కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు. వైరు మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, బండి మిగులుతుంది. ఫ్యూజు లేకుంటే బండే అంటుకుంటుంది.

లైట్లకు, డెక్‌కు, మోటారుకు ఎవరిది వారికి విడి ఫ్యూజు ఉండాలి.

రెండో బ్యాటరీ మైనస్‌ను రంగు గీకి శుభ్రం చేసిన ఛాసిస్ ఇనుముకు గట్టిగా బిగించాలి. సగం రోగాలు వదులు ఎర్త్ వల్లే వస్తాయి.

బ్యాటరీని సైలెన్సరుకు దూరంగా, ఇనుప పెట్టెలో, అడుగున రబ్బరు షీటు వేసి, కదలకుండా క్లాంపుతో బిగించాలి. పెట్టెకు గాలి రంధ్రాలు ఉండాలి. తాళం కూడా ఉంటే దొంగల భయం తగ్గుతుంది. ట్రాలీలో మాత్రం పెట్టొద్దు. వైరు పొడుగైన కొద్దీ వోల్టులు దారిలో పోతాయి, ట్రాలీ విప్పిన ప్రతిసారీ బాధ.

విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి. బిగించేటప్పుడు మైనస్ చివర్న పెట్టాలి.

పని అయిపోయాక పైసలు ఇచ్చే ముందు మల్టీమీటరుతో పరీక్ష పెట్టించుకోండి. ఇంజను కాస్త రేజ్ చేసి చూస్తే రెండింటి మీదా 14 వోల్టుల దగ్గర దాదాపు ఒకే అంకె రావాలి. ఇంజను ఆపి, కొద్దిసేపు లైట్లు వేసి ఉంచితే రెండోదాని అంకె తగ్గాలి. పెద్దదాని అంకె మాత్రం కదలకుండా నిలవాలి. పెద్దది కూడా తగ్గుతుంటే రిలే విడిపోవడం లేదన్నమాట.

ల్యాంపు రూము నేర్పే పాఠం

బొగ్గు బాయిలోకి దిగే కార్మికుడు ముందు ల్యాంపు రూముకు పోతాడు. ఛార్జి నిండిన క్యాప్ ల్యాంపు తీసుకుంటాడు. షిఫ్టు దిగాక తిరిగి అక్కడే అప్పజెప్పుతాడు. అది మళ్లీ ఛార్జింగుకు పోతుంది. అడుగున చీకట్లో ఆ దీపమే ప్రాణం కాబట్టి దాని మీద అంత శ్రద్ధ. మన ఇళ్లల్లో బాయి పని చేసి రిటైరైన తండ్రులు, అన్నలు ఎందరో ఉన్నారు. వాళ్లకు తెలిసిన ఆ శ్రద్ధలో పావు వంతు ట్రాక్టరు బ్యాటరీ మీద పెట్టినా అది సగంలో చావదు.

పదిహేను రోజులకు ఒకసారి మూతలు తీసి చూడాలి. ప్లేట్లు మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, ఫిల్టరు నీళ్లు వద్దు. యాసిడ్ అసలే పోయొద్దు. రామగుండం ఎండాకాలం 45 డిగ్రీలు దాటే చోటు. ఆ రెండు నెలలు వారానికోసారి చూడటం మంచిది. హైడ్రోమీటరుతో చూస్తే నిండిన బ్యాటరీ 1.260 నుంచి 1.280 చూపిస్తుంది. 1.200 అంటే సగం అయిందన్నట్టు. ఆరు సెల్లుల్లో ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీకి రోజులు దగ్గర పడ్డట్టే. దాని పక్కన కొత్తది కొనొద్దు. మీటరుతో చూసేవారు ఇంజను ఆపిన కొన్ని గంటల తర్వాత చూడాలి. 12.6 ఉంటే నిండినట్టు, 12.2 అంటే సగం.

మన దగ్గర ఇంకో బాధ ఉంది. బొగ్గు దుమ్ము. బ్యాటరీ మీద దుమ్ము పేరుకుని, యాసిడ్ తేమతో తడిసి, ప్లస్‌కూ మైనస్‌కూ నడుమ సన్నటి దారి కడుతుంది. బండి నిలబెట్టినా కరెంటు కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది. వారానికోసారి మూతలు బిగించి, తడి గుడ్డతో తుడిచి, ఆరాక టెర్మినళ్లకు వాజిలిన్ రాస్తే సరిపోతుంది. ఖర్చు లేని పని.

ప్రాణాల మాట

బ్యాటరీ దిగితే కొందరు డ్రైవర్లు చక్రం పక్కన నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ టెర్మినళ్లను కలుపుతారు. ఇది చాలా ప్రమాదం. బండి గేరులో ఉంటే ఇంజను అందుకున్న మరుక్షణమే ముందుకు కదులుతుంది. వెనక చక్రం ఆ మనిషి మీదికే వస్తుంది. తప్పుకోవడానికి చోటు కూడా ఉండదు. సీటులో కూర్చుని, న్యూట్రల్ చూసుకుని తప్ప ట్రాక్టరు స్టార్టు చేయొద్దు. బ్యాటరీ బాగుంటే ఈ అవసరమే రాదు. అందుకే ఇది సోకు ముచ్చట కాదు, ప్రాణాల ముచ్చట అంటున్నాం.

ఛార్జింగు జరిగేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాసు వస్తుంది. పక్కన బీడీ ముట్టించినా, పానా జారి రెండు టెర్మినళ్లకు తగిలి నిప్పురవ్వ లేచినా పేలుతుంది. యాసిడ్ కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా కడగాలి. ఆ తర్వాత ఆస్పత్రికి.

ఇక రోడ్డు. రాజీవ్ రహదారి మీద రాత్రిళ్లు టిప్పర్లు, లారీలు ఎంత వేగంగా పోతాయో అందరికీ తెలుసు. వడ్ల లోడుతో వెనక లైటు లేని ట్రాలీ చీకట్లో వాళ్లకు కనిపించదు. ట్రాక్టరు మీద పాటల డెక్ ఉంటుంది, ట్రాలీ వెనక ఎర్ర లైటు ఉండదు. ఇదెక్కడి న్యాయం? రెండో బ్యాటరీ ఉన్నా లేకున్నా ట్రాలీ లైట్లకు వైరు ముందు వేయాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి. వాటికి ఏ బ్యాటరీ అక్కర్లేదు.

ఎవరేం చేయాలి

రామగుండం రాష్ట్రానికి, దేశానికి వెలుగునిచ్చే ఊరు. 2004 నాటికే ఇక్కడి ఎన్టీపీసీ సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరింది. చుట్టుపక్కల పల్లెల్లో ట్రాక్టరు కరెంటు సంగతి చెప్పే దిక్కు మాత్రం లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

రైతుకు విత్తనం, ఎరువు, మందు గురించి చెప్పడానికి అధికారులున్నారు. యంత్రం గురించి, అందులోనూ కరెంటు గురించి చెప్పేవారు అరుదు. రాష్ట్రంలో 2601 రైతు వేదికలు కట్టారు. వానాకాలం మొదలయ్యే ముందు ఒక్క పూట అక్కడ ట్రాక్టరు డ్రైవర్లను పిలిచి బ్యాటరీ, ఫ్యూజు, రిలే, ట్రాలీ లైట్లు చూపించి చెప్పిస్తే ఖర్చేముంది? చెప్పేవారికి మన దగ్గర కొరత లేదు. సింగరేణి వర్క్‌షాపుల్లో జీవితమంతా డంపర్ల వైరింగ్ చేసి రిటైరైన నిపుణులు ఇక్కడే ఉంటున్నారు. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్, మెకానిక్ విద్యార్థులున్నారు. వ్యవసాయ శాఖ పిలవాలి, కంపెనీ సాయం చేయాలి. ఇది పెద్ద కోరిక కాదు.

ట్రాక్టరు యజమానులు కూడా ఒకటి ఆలోచించాలి. బండి మీదిదే కాదు, ఆ బండి కోసం ఎదురుచూసే పదిమంది అదును కూడా వారి చేతిలోనే ఉంది. బ్యాటరీ తుడవని, నీళ్లు చూడని డ్రైవరు నిర్లక్ష్యానికి శిక్ష పడేది అరెకరం రైతుకు.

చిన్న రైతు సోదరులకు చివరగా ఒక సలహా. కిరాయి మాట్లాడుకునేటప్పుడు గంటకు ఎంత అని మాత్రమే అడగకండి. "అన్నా, బండి సెల్ఫ్ మీద లేస్తదా, నెట్టాల్నా? ట్రాలీకి వెనక లైటు ఉందా?" అని కూడా అడగండి. అడిగేవాళ్లు నలుగురైతే బండి బాగు చేయించక తప్పదు. సొంతంగా రెండో బ్యాటరీ పెట్టుకునేవారు మెకానిక్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఇంజను ఆగితే రెండూ విడిపోతాయా? రెండు చివరలా ఫ్యూజు ఉందా? నా ఆల్టర్నేటరు రెండింటినీ నింపగలదా? ఈ మూడింటిలో ఒక్కదానికి జవాబు రాకున్నా ఆ పైసలు జేబులోనే ఉంచుకోండి. ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుని, ఉన్న బ్యాటరీకి నీళ్లు చూసుకోండి. దానితోనే ఈ వానాకాలం గడుస్తుంది.